మతం క్లాసు జరిగేటప్పుడు మన పిల్లలేం చేయాలి?

ఐర్లాండ్‌లోని డబ్లిన్‌కి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు పిల్లల్ని బడిలో వేసే టైమ్‌కి నన్ను అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. దగ్గర్లో ఉన్నది కాథలిక్ స్కూలంట, మనవాళ్లకేమైనా ఇబ్బందా, బాప్తిస్మం సర్టిఫికెట్ లేకపోతే సీటిస్తారా, బైబిల్ చదివిస్తారా అని. సీటిస్తారండీ. ఎవరూ మీ పిల్లల మతం మార్చరు. ఈ రెండు ముక్కలు చెప్పి పంపేస్తే వాళ్ల టెన్షన్ తీరిపోతుంది. కానీ మా అమ్మాయి ఇక్కడ జూనియర్ ఇన్‌ఫంట్స్ (నాలుగైదేళ్లకి చేరే మొదటి తరగతి) నుంచి సెకండ్ క్లాస్ దాకా అదే బడిలో చదివాక నాకు చెప్పాల్సింది ఇంకా చాలా ఉందనిపించింది. ఆ బడి నేర్పే విలువల గురించి నాకు ఎంత సంతోషంగా ఉందో, ఒక్క విషయంలో అంత గట్టి అభ్యంతరమూ ఉంది.

ముందు ఇక్కడి ఏర్పాటు అర్థం చేసుకోవాలి, లేకపోతే మన కాన్వెంట్లతో పోల్చుకుని తికమక పడతాం. మన దగ్గర కాన్వెంట్ అంటే ఫీజు కట్టి, ఏరికోరి చేర్పించే బడి. ఇక్కడ కాథలిక్ నేషనల్ స్కూల్ అంటే మన ఊళ్లో మండల పరిషత్ స్కూల్ లాంటిది, ఇంటి పక్కనే ఉంటుంది, వీధిలో పిల్లలంతా అక్కడికే వెళ్తారు. టీచర్ల జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది. ఫీజు లేదు, 2023 నుంచి పుస్తకాలూ ఉచితమే. (ఏడాదికోసారి ‘స్వచ్ఛంద విరాళం’ కోరుతూ ఒక ఉత్తరం వస్తుంది, కంగారుపడకండి, ఇవ్వగలిగితే ఇవ్వండి.) కానీ ప్రతి బడికీ ‘పేట్రన్’ అని, బడి ఏ విలువలతో నడవాలో చూసుకునే అధిపతి ఒకరుంటారు, ఎక్కువ చోట్ల ఆ ప్రాంతపు బిషప్పే పేట్రన్. దేశం మొత్తమ్మీద ప్రైమరీ స్కూళ్లలో పదింటికి దాదాపు తొమ్మిది ఇలా కాథలిక్ పేట్రన్ కింద నడిచేవే. మరోపక్క 2022 జనాభా లెక్కల్లో తాము కాథలిక్కులమని రాసుకున్నవాళ్లు 69 శాతం. జనం మారిపోయారు, బడులు ఇంకా పాత లెక్కలోనే ఉన్నాయి. ఏ మతానికీ చెందని ఎడ్యుకేట్ టుగెదర్ బడులు 1978లో డాల్కీలో మొదలయ్యాయి, ఇప్పుడు చాలానే ఉన్నాయి గానీ మీ ఇంటికి దగ్గర్లో ఒకటుండి, అందులో సీటు దొరకాలంటే అదృష్టం ఉండాలి. మాకు దొరకలేదు.

బాప్తిస్మం సంగతి కూడా ఒక మాట. సీట్లు తక్కువై పిల్లలు ఎక్కువైన చోట కాథలిక్ పిల్లలకి ముందు సీటిచ్చే పద్ధతి ఒకప్పుడు ఉండేది. మన ముందు బ్యాచ్ వాళ్లు ఆ భయం పడ్డారు, అందుకే ఇప్పటికీ ఆ మాట నోటా నోటా తిరుగుతోంది. 2018లో వచ్చిన చట్టంతో కాథలిక్ బడులు ఆ పని చేయడానికి వీల్లేకుండా పోయింది. ఇల్లు ఎక్కడ, అక్కాతమ్ముళ్లు అక్కడే చదువుతున్నారా, ఇలాంటివే చూస్తారు.

ఇక లోపలికి వెళ్తే, మా బడి గుమ్మం దగ్గర మరియమ్మ బొమ్మ ఉంటుంది. ప్రతి క్లాసులో ఒక మూల చిన్న టేబుల్, దాని మీద ఒక గుడ్డ, కొవ్వొత్తి, బైబిల్. ఆ గుడ్డ రంగు కాలాన్ని బట్టి మారుతుంది. మామూలు రోజుల్లో ఆకుపచ్చ, క్రిస్మస్ ముందూ తపస్కాలంలోనూ (ఈస్టర్ ముందు నలభై రోజులు) ఊదా, క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తెలుపు. మా అమ్మాయి ఇంటికొచ్చి “ఈ రోజు పర్పుల్ వేశారమ్మా” అంటే ఈస్టర్ సెలవులు ఎన్ని వారాల్లో ఉన్నాయో నాకు అర్థమైపోయేది. పొద్దున ఒక ప్రార్థన, భోజనానికి ముందు ఒకటి, ఇంటికెళ్లే ముందు ఒకటి. కొన్ని ఐరిష్ భాషలో చెప్పిస్తారు కాబట్టి మా పిల్లకి ఐరిష్ పాఠాల కన్నా ముందు అవే నోటికి వచ్చాయి.

మిగతా రోజంతా ప్రభుత్వం ఇచ్చిన పాఠ్యప్రణాళికే. ఇంగ్లీషు, ఐరిష్, లెక్కలు, చరిత్ర, భూగోళం, సైన్స్, బొమ్మలు, సంగీతం, ఆటలు. ఏ బిషప్ కింద ఉన్నా, ఎడ్యుకేట్ టుగెదర్ అయినా అందరికీ ఒకటే. మా పిల్లలు చదివింది ఎక్కువగా 1999 నాటి ప్రణాళిక, 2023లో కొత్త ఫ్రేమ్‌వర్క్ వచ్చింది, దాని ప్రకారం సబ్జెక్టులు ఒక్కొక్కటే మారుతున్నాయి. మతబోధన మాత్రం పేట్రన్ చేతిలో ఉంటుంది. ఏం చెప్పాలో పేట్రన్ నిర్ణయిస్తారు, విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్లు దాని జోలికి రారు. పాత పద్ధతిలో రోజుకి అరగంట, అంటే వారానికి రెండున్నర గంటలు; కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో వారానికి రెండు గంటలకు తగ్గించారు. కాథలిక్ బడుల్లో వాడే కార్యక్రమం పేరు గ్రో ఇన్ లవ్. ఆ పుస్తకం ఇంటికి వస్తుంది. దయచేసి దాన్ని మీరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. మనవాళ్లలో చాలామంది చదవకుండానే భయపడతారు, లేదా చదవకుండానే “ఏముందిలే, అన్ని మతాలూ ఒకటే చెప్తాయి” అనేస్తారు. నేను చదివాను. చిన్న తరగతుల పుస్తకాల్లో ఎక్కువ భాగం కుటుంబం, స్నేహం, చెట్టూ పుట్టా, కృతజ్ఞత చెప్పుకోవడం. వాటి మధ్యలో యేసు పుట్టుక, మంచి సమరయుడి కథ (దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ని ఇద్దరు చూసి దాటిపోతే, మూడోవాడు ఆగి ఆదుకుంటాడు), తప్పిపోయిన గొర్రె కథ. అయితే అది విశ్వాసం నేర్పే పుస్తకమే, దేవుడు ఇలా ఉంటాడు అని నమ్మకంగా చెప్తుంది. అన్ని మతాల గురించి సమాచారం ఇచ్చే పుస్తకం కాదు. సెకండ్ క్లాస్ పుస్తకానికి వచ్చేసరికి అది పాపసంకీర్తనానికీ (చేసిన తప్పులు ఫాదర్‌తో చెప్పుకోవడం), మొదటి దివ్యసత్ప్రసాదానికీ (ఫస్ట్ కమ్యూనియన్, చర్చిలో పవిత్రమైన అప్పం మొదటిసారి తీసుకోవడం) పిల్లల్ని నేరుగా తయారు చేస్తుంది. అది వాళ్ల హక్కు, దాంట్లో దాపరికమేమీ లేదు.

మేమిద్దరం హిందువులం. కథలు విననిద్దాం, పాటలు పాడనిద్దాం, ఈ సంస్కారాల (చర్చి క్రతువుల) దగ్గర మాత్రం ఆగుదాం అనుకున్నాం. కథలు వింటే మా పిల్లకి వచ్చిన నష్టమేమీ లేదు. మంచి సమరయుడి కథ విని వచ్చిన రోజు రాత్రి “మరి ముందు వెళ్లిన ఇద్దరూ ఎందుకు ఆగలేదు?” అని పది రకాలుగా అడిగింది. నేనూ వాళ్ల నాన్నా తలో జవాబు చెప్పాం, ఏదీ దానికి నచ్చలేదు. ఏడేళ్ల పిల్ల అంతసేపు అలాంటి విషయం గురించి ఆలోచిస్తే నాకు అంతకన్నా ఏం కావాలి.

కానీ ఆ బడి విలువలు నాకు బాగా కనబడింది ఆ అరగంటలో కాదు. తపస్కాలంలో ట్రోకెరె పెట్టె ఇంటికి వచ్చినప్పుడు. ట్రోకెరె అంటే ఐరిష్ బిషప్పులు 1973లో పెట్టిన సహాయ సంస్థ. తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం దగ్గర్నుంచి ఈస్టర్ దాకా దేశమంతా పిల్లల ఇళ్లలో ఒక అట్టపెట్టె కనిపిస్తుంది. బడిలో పలచగా మడిచి ఇస్తారు, ఇంటికొచ్చి గీతల వెంట వంచి నిలబెట్టుకోవాలి, పైన చిల్లర వేయడానికి సందు ఉంటుంది, పక్కన ఏదో ఒక దేశంలో కష్టాల్లో ఉన్న కుటుంబం ఫొటో. ఇంతవరకూ అయితే మామూలు చందాల డబ్బానే. వాళ్ల టీచర్ దాన్ని పట్టుకుని మూడు వారాలు పాఠాలు నడిపింది. ఆ కుటుంబం ఉన్న దేశాన్ని గోడ మీద మ్యాప్‌లో గుర్తుపెట్టించింది. అక్కడ నెలకెంత వాన పడుతుందో, డబ్లిన్‌లో ఎంత పడుతుందో పక్కపక్కన నిలువు పట్టీలు గీయించింది. వాళ్లమ్మాయి నీళ్ల కోసం నడిచే దూరం మన బడి చుట్టూ ఎన్ని రౌండ్లో లెక్కేయించి, పిల్లలందరితో గ్రౌండ్ చుట్టూ అన్ని రౌండ్లు నడిపించింది, చేతిలో ఖాళీ పాల క్యాన్ పట్టుకుని. భూగోళం, లెక్కలు, పీఈ, మూడూ అందులోనే అయిపోయాయి. “అయ్యో పాపం” లాంటి మాట ఆ మూడు వారాల్లో ఆవిడ వాడిందో లేదో నాకు తెలియదు గానీ, మా అమ్మాయి ఇంటికొచ్చి జాలిగా మాట్లాడలేదు. “వాళ్ల దగ్గర వాన తక్కువ, బోరు వేస్తే సరిపోతుంది, దానికి డబ్బులు కావాలి” అని సూటిగా చెప్పింది. పన్నూడినప్పుడు దిండు కింద దొరికిన (ఊడిన పన్ను అక్కడ పెడితే దేవత డబ్బులు పెట్టి పోతుందని ఇక్కడ పిల్లలకి చెప్తారు) రెండు యూరోల బిళ్ల తీసుకెళ్లి పెట్టెలో వేసింది. మేం వేయమని చెప్పలేదు.

విలువలు నేర్పడం అంటే నా దృష్టిలో ఇదే. గోడ మీద సూక్తి రాసి ఉండటం వల్ల రాదు. లెక్కల పీరియడ్‌లో, గ్రౌండ్‌లో, భోజనాల దగ్గర అదే మాట మళ్లీ మళ్లీ తగలాలి. సిక్స్త్ క్లాస్ పిల్లలు వారానికోసారి ఇన్‌ఫంట్స్ గదికి వచ్చి, ఒక్కొక్కరు ఒక్కో చిన్నపిల్లని పక్కన కూర్చోబెట్టుకుని కథ చదివి వినిపిస్తారు. మా పిల్ల పక్కన కూర్చున్న అబ్బాయి ఇప్పుడు సెకండరీకి వెళ్లిపోయాడు, ఇప్పటికీ షాపులో కనిపిస్తే పేరుపెట్టి పలకరిస్తాడు. జనవరి చివర్లో కాథలిక్ స్కూల్స్ వీక్‌లో తాతయ్యలూ అమ్మమ్మలూ బడికి వచ్చే రోజు ఒకటుంటుంది. మా పెద్దవాళ్లు గుంటూరులో ఉన్నారు, ఎలా అని టీచర్‌నే అడిగితే వీడియో కాల్ పెట్టించింది. ఇక్కడ పొద్దున పదకొండు, అక్కడ సాయంత్రం నాలుగున్నర. మా నాన్న పలకా బలపం గురించి చెప్తే ఇరవై మందికి పైగా పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు, ఉమ్మితో తుడిచేవాళ్లం అంటే ఒకటే నవ్వులు.

విభూది బుధవారం నాడు ఫాదర్ బడికి వస్తారు. పోయినేడు మట్టలాదివారం (ఈస్టర్ ముందు ఆదివారం) నాటి మట్టలు కాల్చిన బూడిద తెచ్చి, కావాలన్న పిల్లల నుదుట సిలువ గుర్తు వేస్తారు. మా పిల్ల వేయించుకుని వచ్చింది. ఆ సాయంత్రం మా అమ్మ వీడియోలో చూసి “నుదుట విభూది ఎవరు పెట్టారే?” అంది. “ఫాదర్ పెట్టారమ్మమ్మా, ఆకులు కాల్చి చేస్తారంట, మనం కూడా చివరికి మట్టే కదా అని గుర్తు చేయడానికంట” అంది ఇది. మా అమ్మ ఒక్క నిమిషం ఆగి “నిజమే కదే” అంది. నాకు ఇలాంటివి అభ్యంతరం కాదు.

ఇంకో మాట, మనవాళ్లు పెద్దగా పట్టించుకోనిది. ఇక్కడ ప్రతి ప్రైమరీ స్కూల్లో స్టే సేఫ్ అనే కార్యక్రమం తప్పనిసరి. ఎవరైనా ఇబ్బంది పెడితే వద్దని చెప్పాలి, అక్కణ్నించి వచ్చేయాలి, నమ్మకమున్న పెద్దవాళ్లకి చెప్పాలి. ఈ మూడూ పిల్లలకి నోటికి వచ్చేలా నేర్పుతారు. కాథలిక్ బడిలో ఇది నేర్పుతున్నారంటే దాని బరువు నాకు వేరేగా అనిపిస్తుంది. ఎందుకంటే ఈ దేశంలో చర్చి సంస్థలు నడిపిన ఇండస్ట్రియల్ స్కూళ్లలో (పేద, అనాథ పిల్లల్ని ఉంచిన చోట్లు) పిల్లలు పడిన నరకం 2009లో వచ్చిన ర్యాన్ విచారణ నివేదికలో ఉంది. బడిలో కొట్టడం నిషేధించింది 1982లో. అరవై దాటిన మా పక్కింటాయన బ్రదర్స్ (చర్చి సన్యాసులు) నడిపిన బడిలో తిన్న బెత్తం దెబ్బల గురించి చెప్తుంటే ఇప్పటికీ గొంతు మారిపోతుంది. ఆయన మనవరాలు మా అమ్మాయి క్లాసే. ఆమెని అదే మతం బడిలో వేయడానికి ఆయన అడ్డు చెప్పలేదు, కానీ బడి గేటు దాటి లోపలికి రాడు. ఈ చరిత్ర తెలియకుండా ఇక్కడి కాథలిక్ బడి గురించి మంచిగా మాట్లాడితే అది సగం మాటే అవుతుంది.

ఇక నా అభ్యంతరం. అది సెకండ్ క్లాస్‌లో మొదలవుతుంది.

సెకండ్ క్లాస్ అంటే మొదటి దివ్యసత్ప్రసాదం తీసుకునే ఏడాది. తపస్కాలం ప్రాంతంలో మొదటి పాపసంకీర్తనం, మే నెలలో ఒక శనివారం పెద్ద పండగ. తెల్ల గౌన్లు, తలమీద మేలిముసుగు, ఇంటి వెనక గాలితో ఉబ్బే కోట, చుట్టాలు చేతిలో పెట్టే డబ్బులు. మన పిల్లలకి ఆ గౌను చూస్తే ఆశ పుట్టకుండా ఎలా ఉంటుంది, మా పిల్ల కూడా ఏడ్చింది. అది మేం తీర్చుకోవాల్సిన సంగతి, బడి తప్పు కాదు. స్నేహితురాలి ఇంట్లో పార్టీకి పట్టు పరికిణీ వేసుకుని వెళ్లింది, ఆ రోజు బాగానే గడిచింది.

బాధల్లా ఆ రోజు ముందు గడిచిన నెలలు. పేరుకి రోజుకి అరగంట. క్రిస్మస్ తర్వాత అది అరగంటలో ఆగలేదు. ఈస్టర్ దాటాక పాటల ప్రాక్టీసు, చదివే ప్రార్థనల ప్రాక్టీసు, చర్చికి నడిచి వెళ్లి ఎక్కడ నిలబడాలో రిహార్సల్, కొన్ని రోజులు పొద్దున సగం పూట దానికే పోయేది. ఆ సేపంతా సంస్కారం తీసుకోని పిల్లలు, మావాడలో ఒక పోలిష్ కుటుంబం పిల్లవాడు, ఒక పాకిస్తానీ అమ్మాయి, ఇద్దరు ఐరిష్ పిల్లలు, మా పిల్లా, క్లాసు వెనక టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లు. ఒక రోజు దాని బ్యాగులో కాయితాలు సర్దుతుంటే రంగులేసిన ఒకే సీతాకోకచిలుక బొమ్మ కట్టగా కనిపించింది. ఒకే బొమ్మ, అదే జిరాక్స్. మొదటి దాంట్లో రెక్కలకి ఏడు రంగులు, చుక్కలు, అంచులు. చివరి వాటిల్లో ఒక్క నీలం పెన్సిల్‌తో గబగబా అటూ ఇటూ గీసేసిన గీతలు. అదేమని అడిగితే “వాళ్లు కమ్యూనియన్ చేసుకునేటప్పుడు మాది సీతాకోకచిలుక టైమ్ అమ్మా” అంది.

టీచర్ మీద నాకు కోపం లేదు. ట్రోకెరె పెట్టెతో మూడు వారాలు అద్భుతంగా పాఠం నడిపింది కూడా ఆవిడే. కలిసి మాట్లాడాను. మొహమాటం లేకుండా చెప్పింది, గదిలో నేను ఒక్కదాన్నే, ముందు వరుసలో వాళ్లని తయారు చేస్తూ వెనక వీళ్లకి వేరే పాఠం చెప్పడం నావల్ల కాదు, వీళ్లకి ఏం చెప్పాలో నాకు ఎవరూ ఇవ్వలేదు అని. ఆ చివరి మాట నా మనసులో ఉండిపోయింది. నిజంగానే ఎవరూ ఇవ్వలేదు. ఐర్లాండ్ రాజ్యాంగం 44వ అధికరణం ప్రకారం ప్రభుత్వ డబ్బు తీసుకునే బడిలో ఏ పిల్లా మతబోధన వినకుండానే చదువుకునే హక్కు ఉంది. వినకపోవడం హక్కు, బాగుంది. వినని ఆ గంటలో పిల్ల ఏం చేయాలో మాత్రం ఆ టీచర్ చేతిలో ఎవరూ ఏమీ పెట్టలేదు. హక్కుని సీతాకోకచిలుక బొమ్మ దాకా తెచ్చి వదిలేశారు.

ఇక్కడే నాకు మా కాన్వెంట్ గుర్తొస్తుంది. గుంటూరు ప్రాంతంలో సిస్టర్ల బడులు మనకి కొత్త కాదు, నెదర్లాండ్స్ నుంచి జె.ఎం.జె. సిస్టర్లు 1904లోనే గుంటూరుకి వచ్చారు. నేను చదివిన కాన్వెంట్‌లో క్లాసులో కాథలిక్ పిల్లలు అయిదారుగురే ఉండేవాళ్లు, మిగతా అంతా హిందువులం, ముస్లింలం. టైమ్ టేబుల్‌లో ఒక పీరియడ్ రాగానే ఆ అయిదారుగురూ లేచి సత్యోపదేశానికి వేరే గదికి వెళ్లేవాళ్లు. మిగిలిన మాకు మోరల్ సైన్స్. ఊరికే కాలక్షేపం క్లాసు కాదు, పుస్తకం ఉండేది, హోంవర్క్ ఉండేది, పరీక్ష ఉండేది, ప్రోగ్రెస్ కార్డులో మార్కులు పడేవి. ఒక కథ ఇచ్చి ఆ అమ్మాయి చోట నువ్వుంటే ఏం చేస్తావు, ఎందుకు అని అరపేజీ రాయమనేవాళ్లు సిస్టర్. ‘అబద్ధం ఆడకూడదు’ అని ఊరికే రాస్తే సగం మార్కులు కోసేవాళ్లు, ‘ఎందుకు’ ఏదమ్మా అని. ఆ బడిలో అన్నీ బాగున్నాయని నేను అనను. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసేవాళ్లు, చేతి మీద స్కేలు దెబ్బలు తిన్నాం. కానీ మాది ఆ మతం కాదు కాబట్టి ఆ పీరియడ్ మాకు వృథాగా పోయినా ఫరవాలేదని వాళ్లు ఏనాడూ అనుకోలేదు.

తమాషా ఏమిటంటే మన రాజ్యాంగం 28వ అధికరణంలో కూడా ఇలాంటి హక్కే ఉంది, ప్రభుత్వ గుర్తింపో సాయమో పొందిన బడిలో ఒప్పుకోకుండా ఎవరినీ మతబోధనలో కూర్చోబెట్టకూడదని. ఆదేశిక సూత్రాలు మనం ఐర్లాండ్ రాజ్యాంగం నుంచే తెచ్చుకున్నాం. 1937లో రాసుకున్న వాళ్లూ, 1950లో అమల్లోకి తెచ్చుకున్న మనమూ పిల్లలకి ఇదే రక్షణ ఇచ్చాం. తేడా ఎక్కడొచ్చిందంటే మన కాన్వెంట్‌లో మతం వేరైన పిల్లలే ఎక్కువమంది, కాబట్టి వాళ్లకంటూ ఒక చదువు తయారు చేయక సిస్టర్లకి తప్పలేదు. ఇక్కడ మొన్నమొన్నటిదాకా క్లాసులో అందరూ కాథలిక్కులే, వెనక టేబుల్ అవసరమే రాలేదు. ఇప్పుడు వచ్చింది. డబ్లిన్ శివార్లలో కొన్ని క్లాసుల్లో వెనక టేబుల్ ముందు వరుసల కన్నా పెద్దదైపోతోంది.

ఇది మనలాంటి బయటివాళ్లు తెచ్చిపెట్టిన గొంతెమ్మ కోరిక కాదు కూడా. ఐర్లాండ్‌లో నేషనల్ స్కూళ్లు మొదలైందే ఈ ఆలోచనతో. 1831లో అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం తరఫున ఐర్లాండ్ చీఫ్ సెక్రటరీగా ఉన్న ఎడ్వర్డ్ స్టాన్లీ రాసిన ఉత్తరంతో ఈ వ్యవస్థ పుట్టింది. కాథలిక్, ప్రొటెస్టెంట్ పిల్లలు ఒకే గదిలో చదువుకోవాలి, మతబోధన మాత్రం వేరే సమయంలో ఎవరిది వాళ్లకి జరగాలి అన్నది ఆ ఉత్తరం సారాంశం. రెండు వైపుల చర్చిలకీ అది నచ్చలేదు, ఆ శతాబ్దం గడిచేసరికి బడులు ఎవరివి వాళ్లవైపోయాయి. తర్వాత 1965 నాటి నిబంధనల్లో 68వది ఉండేది, బడిలో చెప్పే అన్నింటిలోనూ మతబోధనే అన్నిటికన్నా ముఖ్యమని, మతస్ఫూర్తి బడి పనంతటా నిండి ఉండాలని. దాన్ని 2016 జనవరిలో తీసేశారు. నిబంధన పోయింది, అలవాటు పోలేదు, దాని స్థానంలో ఏం రావాలో ఎవరూ రాయలేదు.

ఇలా అంటే కొందరు ఐరిష్ తల్లిదండ్రులు నొచ్చుకుంటారని నాకు తెలుసు. మా ముత్తాతలు పైసాపైసా కూడబెట్టి పారిష్ స్థలంలో కట్టుకున్న బడి, మా పిల్లలకి మా విశ్వాసం నేర్పుకోవడానికే కదా, మీరు వచ్చి దాన్ని మార్చమంటారేంటి అని ఒకావిడ నాతోనే అంది. ఆవిడ మాటలో న్యాయం ఉంది. నేను దాన్ని మార్చమనట్లేదు. టేబుల్ మీద ఊదా గుడ్డ ఉండాలి, ఫాదర్ రావాలి, పిల్లలకి సత్ప్రసాదం తయారీ బాగా జరగాలి. నిజానికి ఆ తయారీని బడి మీంచి పారిష్‌కీ తల్లిదండ్రులకీ మార్చాలని డబ్లిన్ ఆర్చ్‌డయోసిస్‌లోనే (ఆర్చ్‌బిషప్ పరిధిలోనే) కొన్నేళ్లుగా మాట నడుస్తోంది. చర్చికి రాని కుటుంబాలు కూడా గౌను కోసమే పిల్లల్ని లైన్లో నిలబెడుతున్నాయని కొందరు ఫాదర్లకే బాధగా ఉంది. నేనడిగేది ఒక్కటే. ముందు వరుసకి ఎంత శ్రద్ధగా పుస్తకం తయారు చేశారో, వెనక టేబుల్‌కి కూడా అంత శ్రద్ధగా ఒకటి ఇవ్వండి. కాథలిక్ బడి కాబట్టే అడుగుతున్నాను. ప్రతి పిల్లా దేవుడి బిడ్డే అని బడి గుమ్మంలో రాసుకున్నది వాళ్లు.

చేయలేని పనీ కాదు. ప్రభుత్వమే నడిపే కమ్యూనిటీ నేషనల్ స్కూళ్లు 2008లో మొదలయ్యాయి, వాటిలో అన్ని మతాల పిల్లలకీ, ఏ మతం లేని పిల్లలకీ కలిపి చెప్పే ‘గుడ్‌నెస్ మీ, గుడ్‌నెస్ యూ’ అనే కార్యక్రమం ఉంది. తయారై ఉన్న పాఠాలు. వాటిని తీసుకోవచ్చు, లేదా బిషప్పులే తమ పద్ధతిలో ఒక మోరల్ సైన్స్ పుస్తకం రాయించవచ్చు, ఏళ్ల తరబడి ఆ పని చేసిన అనుభవం వాళ్ల సిస్టర్లకే ఉంది, అది భారతదేశంలో జరిగింది, అంతే. ఇద్దరు సెకండ్ క్లాస్ టీచర్లున్న బడిలో ఆ అరగంటకి రెండు క్లాసుల పిల్లల్ని కలిపి ఒకరు తయారీ చూస్తే ఇంకొకరు రెండో గుంపుని చూసుకోవచ్చు. ఒకే టీచర్ ఉన్న బడిలో కష్టమే. అక్కడ కనీసం పిల్ల ఒంటరిగా చదివి రాసుకోగలిగే పుస్తకమైనా ఉండాలి.

మనవాళ్లకి చెప్పేది ఏమిటంటే, మే నెలలో ఏడ్చి లాభం లేదు, సెకండ్ క్లాస్ మొదలైన సెప్టెంబర్‌లోనే టీచర్‌తో మాట్లాడండి. ‘ఆప్ట్ అవుట్’ (మతం క్లాసు వద్దు) అని ఒక్క ముక్క ఫారంలో రాసి చేతులు దులుపుకోకండి. మా పిల్ల ఏ భాగాల్లో ఉంటుంది, ఏ భాగాల్లో ఉండదు, ఉండని సేపు ఏం చదువుతుంది, ఈ మూడూ అడిగి రాయించుకోండి. ట్రోకెరె నుంచి, క్రిస్మస్ నాటకం నుంచి, తాతయ్యల రోజు నుంచి మాత్రం పిల్లల్ని పక్కకి తీయకండి. వాటిని పోగొట్టుకుంటే బడిలో ఉన్న మంచంతా పోగొట్టుకున్నట్టే.

వెనక టేబుల్ పిల్లల తల్లిదండ్రులం అయిదు కుటుంబాలవాళ్లం కలిసి బడి బోర్డుకి ఒక ఉత్తరం రాశాం. పాకిస్తానీ అమ్మాయి వాళ్లమ్మ ఇంగ్లీషు నాకన్నా బాగుంటుంది, ఆవిడే దిద్దింది. ప్రిన్సిపాల్ పిలిచి మాట్లాడారు, సెప్టెంబర్ మీటింగ్‌లో పెడతామన్నారు, వచ్చే ఏడాది సెకండ్ క్లాస్‌కి వచ్చే పిల్లలకి ఏదో ఒకటి చేద్దామన్నారు. మా అమ్మాయికి ఇప్పుడు ఇది ఉపయోగపడదు గానీ, సిక్స్త్ క్లాస్‌లో భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్ అనే సంస్కారం) వచ్చినప్పుడు మళ్లీ వెనక టేబుల్ వస్తుంది, అప్పటికైనా ఉండాలి. బోర్డులో ఎనిమిది మంది ఉంటారు, అందులో ఇద్దరు తల్లిదండ్రులు ఎన్నుకున్నవాళ్లు, నాలుగేళ్లకోసారి మారతారు. మా బడిలో ఇంతవరకూ ఒక్క ఇండియన్ కూడా నిలబడలేదు. బడి కాథలిక్ స్వభావాన్ని కాపాడతానని సభ్యులు ఒప్పుకోవాలి. నేను చదివి చూశాను, అందులో నేను ఒప్పుకోలేనిది ఏమీ లేదు. ఈసారి పేరు ఇస్తున్నాను.